పొర

పొగతోటలో మూడో అంతస్తు.
గడ్డం బల్లకానించి పచ్చదీపం చూడమన్నారు,
రెప్ప కొట్టొద్దన్నారు.
తర్వాత డాక్టరమ్మ నా కుడికంటిని టీవీలో
నిలువుగా కోసి చూపించింది.
పొర మీద పొర, పొర మీద పొర.

నాకు నవ్వొచ్చింది.
ఇరవై రెండేళ్ళు గూడూరు షెడ్డులో నేను చేసింది ఈ పనే తల్లీ.
సైదాపురం గనిలోంచి లారీలో దిగిన కాకిబంగారం
బురద కడిగి, అంచున కత్తిమొన గుచ్చి
ఊపిరి బిగబట్టి విప్పేదాన్ని.
పలక రెండయ్యేది, రెండు నాలుగు,
చివరికి అవతలి చెయ్యి కనిపించేంత పల్చన.
పచ్చగా ఉండేది మా నేల సరుకు,
లేత వేపాకు నానిన నీళ్ళ మాదిరి.

ఇట్టాంటిదే ఒకటి, ఎవరూ అడగని పొర,
లోపల చూపు మొలిచే చోట కూర్చోనుండాదంట.
గుడ్డ మీద ఎండిన వడియం
తాను ముడుచుకుంటా గుడ్డని కూడా లాగినట్టు
కిందున్నదాన్ని ముడతలు పెడతా ఉండాదంట.
అందుకేనా మా ద్వారబంధం నడుంకాడ వంగింది!
బస్సు కిటికీ కడ్డీలు
ఏట్లో పాతిన కట్టెల మాదిరి ఊగినాయి.
నరసమ్మ ముక్కు ఒక పక్కకి జారింది.
ఆ సంగతి దానికి చెప్పలేదు.

నీలం మందు పోసి రంగు పట్టిస్తారంట,
సన్నటి పట్టకారుతో అంచు పట్టి ఒలిచేస్తారంట.
"ఒలిస్తే ఎంత చూపొస్తాది?"

అప్పుడు చూడాల ఆమె మొహం.
ఇప్పుడెంత ఉందో దాన్నిబట్టి, అనింది.
వంకర మొదలై ఎన్నాళ్ళయిందో దాన్నిబట్టి.
అడుగున ఇదిగో, ఈ తెల్లగీత
తెగకుండా ఉంటే మంచిది,
నీకు ఇక్కడ రవ్వంత తెగింది.
నూటికి డెబ్బై మందికి...
"మిగతా ముప్పై మందీ ఏ ఊరోళ్ళు?" అని అడిగినా.
ఆమె పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసింది.

షెడ్డులో నాకు ఇంకో పని ఉండేది.
దిమ్మని ఎండకి పట్టి చూసి
ఎన్ని రేకులిస్తాదో ముందే చెప్పాల.
నలభై, అనేదాన్ని. నలభై వచ్చేయి.
ఒక్కోసారి లోపల వెంట్రుకంత నల్లమచ్చ దాక్కోనుండేది,
ఏడో రేక్కే పొడి పొడి.
తప్పిందానికి మేస్త్రి నా కూలిలో కోసేవాడు.

"నీ జీతం ఎవరూ కొయ్యరులే తల్లీ,
ఒక మాట చెప్పు."

చాలాసేపు తెర చూసింది.
"అట్టలో రెండు వరసలు దిగొచ్చు.
ద్వారబంధం మాత్రం పూర్తిగా నిలబడదు చెంచులమ్మా."
సంతకం పెట్టినా.
గీత మీదే పెట్టాననుకున్నా, గీత కింద పడింది.

నాలుగు నెలలయింది.
రెండు వరసలు రాలేదు, ఒకటిన్నర.
అర అంటే, ఐదక్షరాల్లో రెండు తప్పుతా ఉండా.
ద్వారబంధం నడుం ఎత్తింది,
మోకాలి దగ్గర మటుకు ఇంకా మొండికేస్తాది.
కాలెండర్లో పదిహేడో తేదీ గడి ఒక్కటి
నూనెలో వేసిన పూరీ మాదిరి ఉబ్బే ఉండాది.
నరసమ్మ ముక్కు దాదాపు దాని చోటికొచ్చింది,
ఇప్పుడు చెప్పినా. రెండు రోజులు మాట్లాడలేదు.

నిన్న మళ్ళీ పొగతోట. గడ్డం బల్లకి, పచ్చదీపం.
ఎడమకంట్లో కూడా మొదలవుతా ఉండాదంట, సన్నగా.
తెల్లగీత ఇంకా తెగలేదంట.
డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి
"నువ్వే చెప్పు" అనింది, నవ్వుతానే,
కానీ ఊరికే అడిగినట్టు లేదు.

దగ్గరికి జరిగినా.
తల పక్కకి వంచి
ఎండకి పట్టిన దిమ్మని చూసినట్టు చూసినా.
ముప్పై, అన్నా.
నలభై అనలేదు.